అక్కరలో నిలిచే అనురాగం

బ్యాంకు అప్పు ఎవరికి ఇస్తుంది? వడ్డీ సంగతి అటుంచి ఆలోచిద్దాం. నెలనెలా జీతం వచ్చేవారికి, భూమి పత్రాలు చూపగలిగినవారికి, బంగారం తాకట్టు పెట్టగలిగినవారికి ఇస్తుంది. ఉద్యోగం పోయినవాడు, జబ్బుతో మంచం పట్టినవాడు వెళితే మర్యాదగానే తిప్పి పంపుతుంది. అప్పు ఎవరికి అత్యవసరమో వారికే అది దొరకదు. అంతగా అవసరం లేనివారిని మాత్రం వెతుక్కుంటూ వస్తుంది. ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. ఇచ్చిన సొమ్ము తిరిగి వస్తుందా లేదా అని చూసుకోవడమే వ్యాపారం.

మరి మన ఇళ్లలోని బంధాలు కూడా ఇదే సూత్రం మీద నడిస్తే ఏమవుతుంది? భర్త సంపాదిస్తున్నంత కాలమే ఆదరణ, భార్య ఆరోగ్యంగా ఉన్నంత కాలమే అనురాగం, తండ్రి చేతిలో ఆస్తి ఉన్నంత వరకే కుమారుల విధేయత అన్నట్లయితే, ఏ అవసరమూ లేని రోజుల్లో మన చుట్టూ అందరూ ఉంటారు, అవసరం వచ్చిన రోజున ఒక్కరూ మిగలరు. అటువంటి బంధాన్ని బంధమని పిలవడానికి మన మనస్సు అంగీకరించదు. ఎందుకు అంగీకరించదు? మనిషి స్వభావంలో లాభనష్టాల లెక్కను దాటిన ప్రేమకు చోటు ఎలా ఏర్పడింది? మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలుగా ఈ ప్రశ్నను పరిశీలిస్తున్నారు. వారి పరిశీలనలలో మన కుటుంబాలకు పనికివచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి.

బ్యాంకరుకు ఎదురైన చిక్కు

జాన్ టూబీ, లీడా కాస్మిడెస్ అమెరికాలోని శాంటా బార్బరాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులుగా పనిచేశారు. భార్యాభర్తలు కూడా. పరిణామ మనస్తత్వ శాస్త్రం అనే శాఖకు పునాది వేసినవారిలో వీరు ముఖ్యులు. 1996లో వెలువడిన ఒక వ్యాసంలో వీరు పైన చెప్పిన బ్యాంకు ఉదాహరణనే తీసుకుని దానికి ‘బ్యాంకరు చిక్కు’ అని పేరు పెట్టారు.

అంతకుముందు ఈ రంగంలో రెండు సిద్ధాంతాలు ప్రచారంలో ఉండేవి. ప్రాణులు తమ రక్తసంబంధీకుల కోసం త్యాగం చేస్తాయని 1964లో విలియం హామిల్టన్ వివరించాడు. పరాయివారికి చేసే సహాయం వెనుక, రేపు అదే సహాయం తిరిగి అందుతుందన్న ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఉందని 1971లో రాబర్ట్ ట్రివర్స్ వివరించాడు. ఈ రెండూ చాలా విషయాలకు సమాధానం చెప్పగలవు. కానీ భార్యాభర్తలు రక్తసంబంధీకులు కానవసరం లేదు. ప్రాణస్నేహితులు కూడా అంతే. ఇక ఇచ్చిపుచ్చుకోవడమే ఆధారమైతే, తిరిగి ఇవ్వలేని స్థితిలో పడ్డవానిని ఎవరూ ఆదుకోకూడదు. వాస్తవంలో మనుషులు ఆదుకుంటున్నారు. అది కూడా సర్వసాధారణంగా జరుగుతున్నది.

టూబీ దంపతులు ఇచ్చిన సమాధానం ఇది. ఒక మనిషి మరొకరి దృష్టిలో భర్తీ చేయలేనివాడుగా మారినప్పుడు అతడిని కాపాడుకోవడమే వారికి ముఖ్యమవుతుంది. అతడు ఈ రోజు ఏమి ఇవ్వగలడన్న ప్రశ్న వెనక్కు పోతుంది. నిజమైన స్నేహం, నిజమైన దాంపత్యం ఈ విధంగా ఏర్పడతాయి.

ఇది ఊహ మాత్రమే కాదనడానికి దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ అడవులలో నివసించే షివియార్ తెగ ఒక ఉదాహరణ. వేట, చిన్నపాటి సేద్యంతో జీవించే ఈ ప్రజలను మానవ శాస్త్రజ్ఞుడు లారెన్స్ సుగియామా అధ్యయనం చేశాడు. పాముకాటు, ఎముక విరగడం, పుండ్లు, జ్వరాలు వారికి నిత్యం ఎదురయ్యేవే. చాలామంది తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చాలా రోజులపాటు వేటకు, పనికి వెళ్లలేని స్థితిలో పడి, ఇతరులు తెచ్చిపెట్టిన ఆహారం మీదనే బ్రతికి బయటపడినవారు. లాభం లేదని వారిని ఆ రోజు వదిలివేసి ఉంటే ఆ తెగలో మిగిలేవారు చాలా తక్కువ.

టూబీ దంపతులు మరొక విషయం కూడా గమనించారు. సుఖంగా ఉన్న రోజుల్లో నిజమైన ఆప్తుడూ, అవకాశవాదీ ఒకే విధంగా కనిపిస్తారు. ఇద్దరూ నవ్వుతారు, ఇద్దరూ విందుకు వస్తారు. వారి మధ్య తేడా తెలిసేది ఆపదలో మాత్రమే. నేటి నగర జీవితంలో జీతం, బీమా, ఆసుపత్రి వంటి ఏర్పాట్ల వలన అటువంటి ఆపదలు తగ్గాయి. అది మంచిదే. కానీ దాని వెంట ఒక నష్టం కూడా వచ్చింది. మన కోసం నిజంగా నిలబడేవారు ఎవరో తెలిసే సందర్భాలు కూడా తగ్గిపోయాయి. వందలాది పరిచయస్తుల మధ్య ఉండి కూడా మనిషి ఒంటరితనంతో బాధపడటానికి ఇది ఒక కారణమని వారి అభిప్రాయం.

ఈ శాస్త్రం పట్ల మన వైఖరి

ఇక్కడ పాఠకుల మనస్సులో ఒక సందేహం కలగవచ్చు. మానవుని పుట్టుక గురించి పరిణామ సిద్ధాంతం చెప్పే మాటలు మన విశ్వాసంతో పొసగవు కదా, మరి ఈ శాస్త్రం మనకెందుకు అని. మానవుని పుట్టుక చర్చ వేరు, మానవుని ప్రవర్తనను గమనించడం వేరు. తల్లి ఒడిలో శిశువు ఎలా ప్రవర్తిస్తాడు, రోగిని ఎవరు ఆదుకుంటారు అన్నవి కళ్లతో చూసి నమోదు చేసిన విషయాలు. వాటిని పరిశీలించడానికి మనకు అభ్యంతరం ఉండనవసరం లేదు.

మరో జాగ్రత్త కూడా అవసరం. ప్రతి గుణానికీ ఏదో ఒక పూర్వకాలపు ప్రయోజనాన్ని ఊహించి కథ అల్లడం సరికాదని 1979లో స్టీఫెన్ జే గౌల్డ్, రిచర్డ్ లెవాంటిన్ అనే జీవశాస్త్రజ్ఞులే హెచ్చరించారు. అంతేకాదు, ఒక గుణం సహజమైనంత మాత్రాన అది ధర్మమైపోదు. ‘పురుషుని స్వభావమే అంత’ అంటూ ద్రోహానికి శాస్త్రాన్ని సాకుగా చూపేవారు ఈ మాటను ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. కోపం కూడా సహజమే. దానికి లొంగిపొమ్మని ఏ వివేకవంతుడూ చెప్పడు.

ఒడంబడిక ఎందుకు?

ప్రేమ లెక్కలను ఎందుకు పక్కన పెడుతుంది అన్న ప్రశ్నకు కార్నెల్ విశ్వవిద్యాలయంలోని ఆర్థికవేత్త రాబర్ట్ ఫ్రాంక్ 1988లో ఒక చక్కని వివరణ ఇచ్చాడు. అద్దె ఇల్లు వెతికేవాడు ఊరిలోని ఇళ్లన్నీ చూడలేడు. యజమాని కూడా కిరాయిదారులందరినీ పరీక్షించలేడు. ఇద్దరూ కొంతవరకు చూసి ఒకచోట ఆగుతారు. రేపు ఇంతకంటె మంచి ఇల్లు కనిపించవచ్చు, ఎక్కువ అద్దె ఇచ్చేవాడు రావచ్చు. అయినా ఒకరినొకరు వదిలిపోకుండా ఒప్పందం రాసుకుంటారు. ఆ ఒప్పందం వలననే కిరాయిదారు ధైర్యంగా సామాను దించుకుంటాడు, యజమాని ఇంటికి మరమ్మతులు చేయిస్తాడు.

దాంపత్యం కూడా ఇటువంటిదేనని ఫ్రాంక్ అంటాడు. అందం, ఆదాయం, హోదా అనే కొలతలతో మాత్రమే ఎన్నుకున్న మనిషి, ఆ కొలతలలో మెరుగైన మరొకరు ఎదురుపడగానే వెళ్లిపోగలడు. ప్రేమ అటువంటి కొలతలకు అందదు. కొలిచి పుట్టలేదు కనుకనే కొలతలు మారినప్పుడు పోదు. ఎదుటివారు వదిలిపోరన్న ధైర్యం కలిగినప్పుడే మనిషి తన యవ్వనాన్ని, శ్రమను, సంతానాన్ని ఒక బంధంలో పెట్టగలుగుతాడు. నికాహ్‌ను దివ్య ఖుర్ఆన్ దృఢమైన ఒడంబడికగా పేర్కొన్నదని (సూరా అన్నిసా, 21) మనకు తెలుసు. ఆ మాట ఎంత లోతైనదో ఈ కోణం నుండి చూస్తే మరింత బోధపడుతుంది.

జీవిత భాగస్వామిలో ప్రజలు ఏమి కోరుకుంటారన్న విషయం మీద మనస్తత్వవేత్త డేవిడ్ బస్, ఆయన సహచరులు 37 సంస్కృతులలో సుమారు 10,000 మందిని ప్రశ్నించారు. అందులో భారతదేశం కూడా ఉంది. 1990లో ప్రకటించిన ఆ ఫలితాలలో స్త్రీలకు, పురుషులకు కూడా పై వరుసలో నిలిచినవి పరస్పర ప్రేమ, నమ్మదగిన నడవడిక, మనోనిబ్బరం, మంచి స్వభావం. సంపద, రూపం వీటి తరువాతనే వచ్చాయి. మన సంబంధాల చర్చలు ఏ వరుసలో సాగుతున్నాయో పెద్దలు ఒకసారి ఆలోచించుకోవాలి. జహేజ్ జాబితాతో మొదలైన సంబంధం రెండు కుటుంబాలకూ తొలిరోజునే లెక్కించడం నేర్పుతుంది. ఆ పాఠం తరువాత మరవడం కష్టం.

తొలి పాఠం తల్లి ఒడిలో

నమ్మకం పెళ్లితో మొదలు కాదు. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇల్లూ తల్లిదండ్రులూ దూరమైన పిల్లల స్థితి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో ఒక నివేదిక రాశాడు. తిండి, బట్ట, శుభ్రత అన్నీ అందినా, తమదంటూ ఒక మనిషి లేని పిల్లలు కుంగిపోతారని ఆయన గుర్తించాడు. శిశువు తల్లిని అంటిపెట్టుకోవడం పాల కోసం మాత్రమే కాదని, రక్షణ కోసం అతనిలో పుట్టుకతోనే ఉన్న ఒక ప్రత్యేకమైన ఏర్పాటు అని తరువాతి కాలంలో వివరించాడు.

ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ 1950 దశకంలో తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా గ్రామాలలో తల్లులను, శిశువులను వారి ఇళ్లలోనే నెలల తరబడి గమనించింది. పాకడం వచ్చిన శిశువు తల్లి వద్ద నుండి కొంత దూరం వెళ్లి, వెనక్కు తిరిగి చూసి, ఆమె అక్కడే ఉన్నదని నిర్ధారించుకుని ఇంకొంచెం దూరం వెళతాడు. తల్లి ఉందన్న నమ్మకమే అతనికి ప్రపంచాన్ని చూసే ధైర్యం. తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆమె ఒక పరీక్ష రూపొందించింది. ఏడాది వయస్సు శిశువును కొన్ని నిమిషాలు వదిలి తల్లి బయటకు వెళ్లి తిరిగి వస్తుంది. తల్లి వెళ్లినప్పుడు శిశువు ఏడ్చాడా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. ఆమె తిరిగి వచ్చినప్పుడు ఏమి చేశాడన్నదే ముఖ్యం. చాలామంది పిల్లలు తల్లిని హత్తుకుని త్వరగా శాంతించి మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. మరికొందరు హత్తుకుంటూనే కోపంతో తన్నారు.

1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ ఇవే మూడు తీరులు పెద్దల ప్రేమలో కూడా కనిపిస్తాయని చూపించారు. వారు ప్రశ్నించిన వారిలో సగానికి కొంచెం ఎక్కువ మంది నిశ్చింతగా నమ్మగలిగినవారు. మిగిలినవారిలో కొందరు దగ్గరితనానికి భయపడి తప్పించుకునేవారు, మరికొందరు వదిలిపోతారేమోనని నిరంతరం కలవరపడేవారు. అయితే బాల్యమే విధి అని దీని అర్థం కాదు. నమ్మదగిన జీవిత భాగస్వామి సహచర్యంలో ఏళ్ల తరబడి జీవించి నిశ్చింతను నేర్చుకునేవారు కూడా ఉన్నారు. మాటిమాటికి ‘నన్ను ప్రేమిస్తున్నారా’ అని అడిగే భార్యను, కష్టం వస్తే నోరు విప్పని భర్తను చూసి విసుక్కునే ముందు, ఆ స్వభావం వెనుక ఎటువంటి బాల్యం ఉందో ఒక్క క్షణం ఆలోచించడం మంచిది.

శరీరం ఇచ్చే సాక్ష్యం

జీవితాంతం జంటగా ఉండటం జంతులోకంలో అరుదు. పాలిచ్చే జంతుజాతులలో జంట కట్టి జీవించేవి నూటికి పది లోపే. అమెరికా పచ్చిక మైదానాలలోని ప్రెయిరీ వోల్ అనే ఎలుకవంటి చిన్న ప్రాణి వాటిలో ఒకటి. ఇది జతను ఎన్నుకున్నాక దానితోనే ఉంటుంది, తండ్రి కూడా పిల్లలను పెంచుతాడు. ఈ బంధం వెనుక ఆక్సిటోసిన్ అనే రసాయనం ఉందని చాలా కాలం భావించారు. 2005లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పరిశోధకులు ఈ రసాయనాన్ని ముక్కులో పిచికారీ చేస్తే మనుషులు అపరిచితులను ఎక్కువగా నమ్ముతారని ప్రకటించారు. పత్రికలు దానికి ‘ప్రేమ రసాయనం’ అని పేరు పెట్టాయి. కానీ తరువాత చేసిన పరీక్షలలో ఆ ఫలితం నిలబడలేదు. 2023లో, ఆక్సిటోసిన్‌ను గ్రహించే శక్తి లేకుండా జన్యువును మార్చిన వోల్‌లు కూడా మామూలుగానే జంట కట్టాయని వెల్లడైంది. ఒక్క పిచికారీతో పుట్టేది కాదు నమ్మకం. దానికి దగ్గర దారి లేదు.

కానీ శరీరం బంధాన్ని గుర్తిస్తుందన్న మాట మాత్రం నిజం. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగర ప్రాంతంలో 624 మంది యువకుల లాలాజల పరీక్షల కొలతలను 2005లోను, మళ్లీ 2009లోను పోల్చి చూశారు. పురుష హార్మోను అయిన టెస్టోస్టిరాన్ మోతాదు, ఈ మధ్య కాలంలో పెళ్లి చేసుకుని తండ్రులైనవారిలో మిగిలినవారికంటె చాలా ఎక్కువగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకంటె ఎక్కువ సమయం బిడ్డ సంరక్షణలో గడిపే తండ్రులలో అది మరింత తక్కువగా ఉంది. బిడ్డను ఎత్తుకోవడం, స్నానం చేయించడం మగవానికి తగని పని అనేవారు ఈ విషయం గమనించాలి. పురుషుని శరీరంలోనే తండ్రితనానికి ఒక ఏర్పాటు ఉంది. పోటీపడే స్వభావం తగ్గి పోషించే స్వభావానికి అక్కడ చోటు ఏర్పడుతున్నది.

వంటింటి పొగ, ఇంటికి నిప్పు

ప్రేమ సహజమైతే అనుమానం కూడా సహజమే. అమెరికన్ మానసిక వైద్యుడు రాండాల్ఫ్ నెస్సీ దీనిని పొగను పసిగట్టే అలారంతో పోల్చి వివరించాడు. పోపు పొగకు కూడా మోగే అలారం చికాకు కలిగిస్తుంది. కానీ నిజంగా నిప్పు అంటుకున్నప్పుడు మోగకపోతే ప్రాణాలే పోతాయి. అందుకే దానిని అవసరానికి మించి మోగేటట్లు తయారుచేస్తారు. మనిషిలోని భయం, ఆందోళన కూడా ఇటువంటివే అని ఆయన వివరణ. అసూయను, అనుమానాన్ని కూడా మనం ఇదే విధంగా అర్థం చేసుకోవచ్చు. అవి మోగిన ప్రతిసారీ నిప్పు ఉన్నదని అర్థం కాదు.

వంటింట్లో తప్పుగా మోగిన అలారం వలన పోయేది ఏమీ లేదు. దాంపత్యంలో ఆ విధంగా కాదు. తప్పు చేయని మనిషిని ఒకసారి నిందిస్తే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలలో భర్త గల్ఫ్‌లో, భార్య ఇక్కడ. ఇద్దరి మధ్య ఉన్నది ఒక ఫోను మాత్రమే. ‘ఆన్‌లైన్‌లో ఉండి కూడా నాకెందుకు జవాబు ఇవ్వలేదు’ అన్న ప్రశ్నతో మొదలైన తగాదా బంధువుల పంచాయితీ వరకు వెళ్లడం మనం చూస్తున్నాం.

సూరా అల్ హుజురాత్‌లోని 12వ ఆయత్ మూడు విషయాలను ఒక వరుసలో నిషేధించింది. మొదట అనుమానం, తరువాత ఇతరుల లోపాలను కూపీ లాగడం, ఆ తరువాత పరోక్ష నింద. ఇళ్లలో జరిగే క్రమం కూడా సరిగ్గా ఇదే. మొదట మనస్సులో సందేహం, తరువాత రహస్యంగా ఫోను వెతకడం, ఆ తరువాత పుట్టింటివారికో, అత్తింటివారికో చెప్పుకోవడం. మొదటి మెట్టు మీదనే ఆగితే, సూటిగా, సౌమ్యంగా ఒక్క మాట అడిగితే, మూడవ మెట్టు వరకు వెళ్లే అవసరం ఉండదు.

ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. నమ్మకం అంటే కళ్లు మూసుకోవడం కాదు. కొట్టడం, పదేపదే మోసం చేయడం, పోషణ ఆపివేయడం పోపు పొగ కాదు, నిప్పే. అటువంటి చోట సహనం పేరుతో ఆడబిడ్డ నోరు మూయించడం పెద్దలకు తగదు. న్యాయం చేయడమే వారి బాధ్యత.

మన ఇళ్లలో ఏమి చేయాలి?

1979లో మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ ఒక ఆసక్తికరమైన విషయాన్ని ప్రయోగంలో నిరూపించారు. వ్యాపార సంబంధంలో చేసిన సహాయానికి వెంటనే ప్రతిఫలం అందితే ఇష్టం పెరుగుతుంది. దగ్గరితనాన్ని ఆశించే సంబంధంలో వెంటనే బదులు తీర్చితే ఇష్టం తగ్గుతుంది. ‘నీ బాకీ తీరింది’ అన్న భావం అక్కడ దూరాన్ని సూచిస్తుంది. కాబట్టి ‘నేను ఇంత చేశాను, నువ్వేం చేశావు’ అని జమాఖర్చులు చదవడం మానాలి. ఇది మొదటి సూచన.

రెండవది, అక్కర వచ్చిన ఘడియను గుర్తించాలి. నమ్మకం పండుగనాటి కొత్త బట్టలతో రాదు, జ్వరం వచ్చిన రాత్రి పక్కన కూర్చున్న మనిషి వలన వస్తుంది. కోడలు జబ్బుపడగానే ‘నయమయ్యాక రా’ అని పుట్టింటికి పంపే ఆనవాయితీ మనలో కొన్ని ఇళ్లలో ఉంది. ఆమె తల్లి వద్దకు వెళ్లాలని కోరుకుంటే అది వేరు. కానీ ఖర్చు, చాకిరీ తప్పించుకోవడానికి పంపితే, బ్యాంకు అప్పుకోసం వచ్చిన పేదవానికి చెప్పిన మాటనే మనం ఆమెకు చెప్పినట్లు. ఆమె తిరిగి వస్తుంది, వంట చేస్తుంది, పిల్లలను పెంచుతుంది. కానీ ఈ ఇల్లు తనది కాదన్న సంగతి ఆమె మరచిపోదు. ఉద్యోగం పోయి గల్ఫ్ నుండి తిరిగి వచ్చిన భర్త విషయంలోను, చేతిలో ఏమీ మిగలని దాదా, దాదీ విషయంలోను ఇదే మాట వర్తిస్తుంది.

మూడవది, పిల్లలు చూస్తున్నారని గుర్తుంచుకోవాలి. అబ్బా జబ్బుపడినప్పుడు అమ్మీ ఏమి చేసింది, అమ్మీ అలసిపోయినప్పుడు అబ్బా ఏమి చేశాడు అన్నదే వారు నేర్చుకునే దాంపత్య పాఠం. రేపు వారు కట్టుకునే ఇళ్లు ఆ పాఠం మీదనే నిలుస్తాయి.

సూరా అర్రూమ్ 21వ ఆయత్ భార్యాభర్తల మధ్య అల్లాహ్ ఉంచిన వాటిని రెండు మాటలతో పేర్కొంది. ఒకటి మవద్దత్, అంటే ప్రేమ. రెండవది రహ్మత్, అంటే కారుణ్యం. ఎదుటివారు మనల్ని సంతోషపెట్టగలిగినప్పుడు ప్రేమించడం తేలిక. వారు ఏమీ ఇవ్వలేని రోజున కావలసింది కారుణ్యం. మొదటిది బంధాన్ని మొదలు పెడుతుంది, రెండవది దానిని కడవరకు నిలుపుతుంది. మన ఇంట్లో ఈ రోజు ఎవరికి మన అక్కర ఉందో చూసి, వారు అడగకముందే వారి పక్కన వెళ్లి కూర్చుందాం. అల్లాహ్ మన ఇళ్లను ఈ రెండు వరాలతో నింపుగాక. ఆమీన్.